ల్యాంపు రూము జీతం

నాకు పదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో అందరం గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లం. మా బాపు బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఏ వేళకు ఇంటికొచ్చినా ఇంత తిని పడుకునేవాడు. మంచిర్యాల దగ్గరి ఆ కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో బాపు నిద్రపోతుంటే వెనక గదిలో నేనూ తమ్ముడూ పుస్తకంలో పేజీలు కూడా చప్పుడు కాకుండా తిప్పేవాళ్లం. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు ముఖం నాకు బాగా తెలుసు. కానీ కళ్లు మూసుకుని ఉన్న ముఖమే ఎక్కువ తెలుసు.

బాయి లోపల ఆయనది బొగ్గు నింపే పని. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో పోయాలి. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. అందుకే నేల మీద పనిచేసేవాళ్లకంటే లోపలికి దిగేవాళ్లకు జీతం ఎక్కువ వచ్చేది. ఆదివారం పని ఉందంటే దానికీ వెళ్లేవాడు. ఆ కష్టమంతా ఒక ఇంటి కోసం. బాపు పుట్టింది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లెలో. చిన్నతనమంతా ఒక ఆసామి దగ్గర పాలేరుగా జీతం ఉండి, పశువుల కొట్టంలో పడుకుని పెరిగాడు. అదే ఊళ్లో తన పేరున ఒక డాబా ఇల్లు లేవాలని ఆయన కోరిక. గోడలు లేచాయి, కప్పు పడాలి. ప్రతి నెలా జీతంలోంచి కొంత తీసి ఊళ్లో ఉన్న వాళ్లన్నకు, అంటే మా పెద్దబాపుకు పంపేవాడు.

ఆ ఏడు వానాకాలం సగం దాటాక బాయిలో పైకప్పు కూలింది. బాపుకు జోడీగా పనిచేసే ఆయన కాలు పోయింది. బాపు భుజం మీద ఒక పెళ్ల పడి ఎముక చిట్లింది. మూడు వారాలు ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

ఆ మూడు వారాలు నాకు ఇప్పటికీ పండుగలాగే గుర్తున్నాయి. అలా అనకూడదని తెలుసు, కానీ నిజం అదే. మా బాపుకు ఇన్ని మాటలు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. పశువులు కాసిన రోజుల్లో నేర్చుకున్న ఈలలు వేసేవాడు. ఏ పిట్ట ఎలా కూస్తుందో అలాగే కూసి చూపించేవాడు. ఒక చేయి కట్టులో ఉండగానే రెండో చేత్తో మక్కకంకులు కాల్చి ఉప్పు రాసి ఇచ్చేవాడు. సాయంత్రం వాన తెరిపి ఇస్తే మమ్మల్ని గోదావరి దాకా నడిపించుకుని వెళ్లేవాడు. వెలుతురుకు అలవాటు లేక కళ్లు చికిలించుకుని నీళ్లకేసి చూస్తూ నిలబడేవాడు. ఇంట్లో మేం గట్టిగా మాట్లాడుకున్నాం. గట్టిగా నవ్వుకున్నాం.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఇక బరువు పని తగ్గించుకోమన్నాడు. ఒప్పుకుంటే ల్యాంపు రూములో పని ఇస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు. బాయి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలను చార్జింగు పెట్టి, షిఫ్టు వేళకు అందించే గది అది. పని నేల మీదే. ఎప్పుడూ పొద్దటి షిఫ్టే. కానీ జీతం బాగా తగ్గుతుంది. నెల రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నారు.

బాపు ఆలోచించే పనే లేదన్నాడు. "గా జీతం ఏ మూలకొస్తది? పిల్లలు తినాలె, సదువుకోవాలె, ఇంటికి కప్పు పడాలె" అని మళ్లీ బాయిలోకి దిగాడు. మా ఇంట్లో మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి.

అవ్వ వాదించలేదు. మా పక్కింటి పెద్దమ్మ భర్త ల్యాంపు రూములోనే పనిచేసేవాడు. ఆయన నెలకు ఎంత తెస్తాడో పెద్దమ్మను అడిగి తెలుసుకుంది. జీతం వచ్చిన రోజు అంత మాత్రమే ఇంటి ఖర్చుకు ఉంచి, మిగిలిందంతా పాత చీర పేలికలో మూటగట్టి జొన్నల డబ్బా అడుగున పెట్టింది. ఊళ్లో ఇంటికని పంపాల్సిన పైసలు వచ్చే నెల కలిపి పంపుదామని బాపుకు చెప్పింది. ఆయన నిద్రమత్తులో సరేనన్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

ఆ నెల రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టెలు ఎక్కువగా తిన్నాం. కూర అంటే మాకు మాంసమే. రెండు ఆదివారాలు ఇంట్లో కూర వండలేదు. తెగిన నా చెప్పును కొత్తది కొనకుండా కుట్టించింది. నాకు మాత్రం అన్నిటికంటే బాధ కలిగించింది వేరు. బతుకమ్మ పండుగకు కాళ్లకు పట్టగొలుసులు కొనిస్తానని అవ్వ నాకు మాటిచ్చింది. పండుగ దగ్గరికొచ్చాక అడిగితే "సూద్దాం బిడ్డా" అన్నది. పండుగ వచ్చింది, వెళ్లింది. ఆడపిల్లలమంతా చుట్టూ తిరిగి ఆడుతుంటే అందరి కాళ్లూ మోగాయి, నావి మోగలేదు. లంగా అంచు కిందికి లాక్కుని పాదాలు దాచుకుంటూ ఆడాను. ఇంటికొచ్చి ఏడవడానికి కూడా లేదు, ముందు గదిలో బాపు పడుకుని ఉన్నాడు.

గడువుకు ఇంకా రెండు రోజులున్నాయనగా ఒక ఆదివారం బాపుకు పని లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ మా అందరినీ కూర్చోబెట్టింది.

"గీ నెల మనింట్ల ఏమేం తక్కువైనయో ఒక్కొక్కలు చెప్పుండ్రి" అన్నది.

బాపుకు ఏమీ అర్థం కాలేదు. "ఏం తక్కువైతది? ఎప్పటి లెక్కనే ఉన్నది గదా" అన్నాడు.

తమ్ముడు ఆలోచించి, "రెండు ఐతారాలు కూర వండలే" అన్నాడు.

తర్వాత నా వంతు. పట్టగొలుసుల మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో బాపు భుజం వైపు చూశాను. అది ఇంకా ఒక పక్కకు వాలే ఉంది. "నాకేం తక్కువ కాలే" అన్నాను. అవ్వ నా ముఖంలోకి ఒకసారి చూసింది. లేచి వెళ్లి జొన్నల డబ్బాలోంచి మూట తెచ్చి బాపు చేతిలో పెట్టింది.

"గీ నెలంత ల్యాంపు రూము జీతంతోనే నడిపిన. మిగిలింది గిదే. నువ్వు లోపలికి దిగేది గీ మూట కోసమే."

బాపు మూట విప్పలేదు. "మరి ఇల్లు?" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదటిసారి.

"ఇల్లు కావాల్నంటే దిగు, నేను వద్దన. గని ఇంటి కోసమే దిగుతున్నవని ఎరుకుండి దిగు. పిల్లల తిండికని, సదువుకని అనకు."

"నేను కొట్టంల పండుకున్న ఊరది."

"నాకెరుకే" అన్నది అవ్వ. ఆయన ఎదురుగా కూర్చుని, "అందరిని అడిగిన. నాకేం తక్కువైందో ఎవలూ అడుగకపోతిరి. నాకు నువ్వే తక్కువైనవ్" అన్నది.

బాపు మూట పక్కన పెట్టి, బయటికి వెళ్లి గడప ముందు మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు. మేం పిలవలేదు. మర్నాడు పొద్దున తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లి ల్యాంపు రూముకు ఒప్పుకుని వచ్చాడు.

ఆ రోజు నాకు జడ వేస్తూ అవ్వ నెమ్మదిగా అడిగింది. "నిన్న అబద్ధమాడినవ్ గదా బిడ్డా?"

నాకు ఏడుపు వచ్చింది. బాపు కోసమే అలా చెప్పానన్నాను.

"మంచిగనే అనుకున్నవ్. గని తక్కువైంది దాసుకుంటే, ఎంతుంటే సాలో ఎట్ల ఎరుకైతది? దాసుకున్నది లోపలనే ఉండి రేపు కోపమైతది. తక్కువైతే తక్కువైందనే చెప్పాలె" అన్నది.

ఆ వారంలోనే నన్ను బస్సులో మంచిర్యాలకు తీసుకెళ్లింది. ఆ మూటలోంచే తీసి సన్నటి వెండి పట్టగొలుసులు కొన్నది. మరో దుకాణంలో దబ్బనమూ దారం ఉండలూ కొన్నది. అప్పటినుంచి పాత చీరలతో బొంతలు కుట్టి కాలనీలో అమ్మడం మొదలుపెట్టింది. ల్యాంపు రూము జీతం చాలకుండా పోయే చోటును ఆ బొంతలతో పూడ్చింది. నా కాళ్లనూ తమ్ముడి నాలుకనూ లెక్కలో వేసుకున్నాకే ఆమె 'ఇంతుంటే చాలు' అనుకుందని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

బాపు సంతోషంగా ఇంటిని వదులుకున్నాడని చెప్పలేను. రెండేళ్లు చూసి ఆ గోడలను పెద్దబాపుకు ఇచ్చేశాడు. ఆయన వాటి మీద రేకులు వేసుకున్నాడు. పెళ్లిళ్లకు ఊరికి వెళ్లినప్పుడు బాపు ఆ గోడను అరచేత్తో ఒకసారి తడిమి లోపలికి వచ్చేవాడు. ఆ లోటు ఆయనకు చివరిదాకా ఉంది. అవ్వకూ తెలుసు. అది లేదని ఎవరూ అనలేదు.

కానీ సాయంత్రాలు మావయ్యాయి. నాలుగు కొట్టేసరికి బాపు ఇంట్లో ఉండేవాడు. స్నానం చేస్తే నీళ్లు నల్లగా పోయేవి కావు. నేను పాఠం గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చుని వినేవాడు. తనకు చదువు రాకపోయినా, నేను ఎక్కడైనా తడబడితే "మళ్ల సదువు" అనేవాడు. అలా వింటూ వింటూ నన్ను టీచరును చేశాడు. ఆ తర్వాత పదిహేడేళ్లు బతికాడు.

ఇప్పుడు కరీంనగర్‌లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. కొన్నేళ్ల కింద అవ్వ మంచాన పడ్డప్పుడు, ఆమెను చూసుకోవడానికి ఇంకా నాలుగేళ్ల ఉద్యోగం ఉండగానే మానేద్దామా అన్న ఆలోచన వచ్చింది. మా ఆయన, పిల్లలు భయపడ్డారు. మానేస్తే వచ్చే పెన్షనెంతో ఒక నెల అంతతోనే ఇల్లు నడిపి, నెలాఖరున అందరినీ కూర్చోబెట్టి అవ్వ అడిగిన మాటే అడిగాను. నిజం చెప్పమన్నాను. మా అమ్మాయి మొహమాటపడుతూనే రెండు సంగతులు చెప్పింది. వాటికి దారి చూసుకుని ఉద్యోగం మానేశాను. అవ్వ చివరి ఏడాది నా చేతుల మీదుగా గడిచింది.

మా ఆయన పోయాక కూడా నెల తిరిగేసరికి నన్ను నేను ఆ మాట అడగడం మానలేదు. ఈ నెల ఏం తక్కువైంది? పైసలకు ఏ లోటూ లేదు. మందులొస్తున్నాయి, కరెంటు బిల్లు కడుతున్నాను, మనవరాలి చేతిలో ఏదో ఒకటి పెడుతున్నాను. అయినా ఏమీ తక్కువ కాలేదని చెప్పుకోను. బాపు మేల్కొని ఉన్న ఆ సాయంత్రాలు తక్కువయ్యాయి. నేను గట్టిగా చదివితే పక్కన కూర్చుని 'మళ్ల సదువు' అనే మనిషి తక్కువయ్యాడు. ఆ మాట పైకే అంటాను. అన్నాక, ఉన్నదాంతో మరో నెల మొదలుపెడతాను.