వెనక బెంచీకి వచ్చిన తాళి

మా పెద్దమ్మ పాపక్క పుస్తకాలతో పోట్లాడుతుంది. వేళాకోళానికి చెప్పడం లేదు. పుంగనూరులో ఆమె ఆయాగా పనిచేసే ఆడపిల్లల హాస్టల్లో, మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక, స్టోర్ రూమ్ గుమ్మంలో కూర్చుని పెన్సిల్ పట్టుకుని చదువుతుంది. నచ్చని వాక్యం పక్కన ‘ఎవరు చెప్పినారు?’ అని రాస్తుంది. నచ్చితే ‘చేసి చూడాల’ అని రాస్తుంది. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అక్షరాలు లావుగా, వంకరగా ఉంటాయి కానీ వాటిలో భయం మాత్రం ఉండదు.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. నన్ను పెంచింది ఈమే.

ఆ పుస్తకాలు ఆమెకు మదనపల్లెలో దొరికాయి. చర్చి సభలకు వెళ్ళిన రోజు అందరూ భోజనాల వరుసలో నిలబడితే ఈమె పుస్తకాల బల్ల దగ్గర ఆగిపోయింది. రాసినాయన ఎవరో రిటైరైన బడిపంతులట. ఆత్మీయ ఎదుగుదల గురించి సన్నటి పుస్తకాలు రాశాడు. వాటిలో పరలోకం గురించి తక్కువ, పక్కింటివాళ్ళ గురించి ఎక్కువ ఉంటుంది. ప్రతి అధ్యాయం చివరా ఒకటే ప్రశ్న: ‘ఈ వారం ఎవరి దగ్గరికి వెళ్ళావు?’

గురువారం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో పెద్దమ్మ ఆ పుస్తకాలు పైకి చదివేది. పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ, వివరించేది. అందరూ ఆమెన్ అనేవాళ్ళు. అనడానికి ఎంతసేపు!

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళిలో తాళిని పళ్ళెంలో, మా వైపు మాటలో తట్టలో, పెట్టి పెద్దవాళ్ళ దగ్గరికి తిప్పుతారు. వాళ్ళు చెయ్యి ఆనించి దీవిస్తారు. భర్త పోయిన ఆడవాళ్ళ ముందుకు మాత్రం ఆ పళ్ళెం వెళ్ళదు. వాళ్ళు వెనక బెంచీలో కూర్చుంటారు. కూర్చోమని ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. బైబిల్లో ఎక్కడుందని అడిగితే పద్ధతి అంటారు. ఇరుగుపొరుగు పెట్టిన ప్రసాదం ముట్టుకోవడానికి వంద వాక్యాలు అడ్డం తెచ్చేవాళ్ళకు ఇది మాత్రం హాయిగా మింగుడుపడుతుంది. నాకు ఒళ్ళు మండేది.

అసలు సంగతేమిటంటే, ఒకప్పుడు పెద్దమ్మ కూడా ఆ పద్ధతి మనిషే. పద్నాలుగేళ్ళ క్రితం ఆమె కూతురు వీణక్క పెళ్ళిలో పళ్ళెం పట్టుకున్నది ఆమే. పెద్దమ్మ తోడికోడలు కౌసల్య అప్పటికే భర్తను పోగొట్టుకుంది. పొరపాటునో ప్రేమతోనో చెయ్యి చాపింది. పెద్దమ్మ పళ్ళెం వెనక్కి లాక్కుంది. అందరి ముందరా. కౌసల్య పిన్నమ్మ భోజనం చెయ్యకుండానే చౌడేపల్లెకు వెళ్ళిపోయింది. మరుసటి ఏడు పెదనాన్న గుండెపోటుతో పోయాడు. పెద్దమ్మ తనంతట తానే వెనక బెంచీకి మారింది.

నా పెళ్ళి కుదిరిన నెలలో ‘ఎవరి దగ్గరికి వెళ్ళావు?’ అన్న ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది. పుస్తకం మూసేసి ఆటో ఎక్కి చౌడేపల్లెకు పోయింది. నేనూ వెంట వెళ్ళాను. కౌసల్య పిన్నమ్మ ఆవుకు మేత వేస్తూ ఉంది.

“కౌసల్యా, ఆ పొద్దు తట్ట లాక్కొన్నాను. తప్పు నాదే,” అంది పెద్దమ్మ.

పిన్నమ్మ మేత వేయడం ఆపలేదు. “ఇది చెప్పేదానికి పద్నాలుగేండ్లు పట్టిందా నీకు?”

“పట్టింది. నేనూ ఆ బెంచీలో కూర్చుంటే గానీ తెలీలేదు.”

మిగిలిన మేత కింద పెట్టి పిన్నమ్మ లోపలికి నడిచింది. కాఫీ పెట్టింది. చక్కెర వేయడం మరిచిపోయింది. ఇద్దరూ అలాగే తాగేశారు.

పెళ్ళి కుప్పంలో, పెళ్ళికొడుకు దిలీప్ వాళ్ళ చర్చిలో. నాలుగు రోజుల ముందు పాస్టరమ్మ మా ఇంటికి వచ్చింది.

“పాపక్కా, నువ్వు తాళి ముడతానంటాండావంట. పుస్తకాలు వేరే, పెండ్లి వేరే. రేపు ఏమన్నా అయితే పిల్ల కాపురానికే మాట వస్తాది.”

“మరి గురువారం గురువారం మనం చదివింది యాలమ్మా?”

పాస్టరమ్మ చెప్పుల కోసం గుమ్మం వైపు తిరిగింది. తన తల్లికి కూడా కుప్పం వెళ్ళే వ్యాన్‌లో ఒక సీటు ఉంచమని చెప్పి వెళ్ళిపోయింది.

నేనే దిలీప్ వాళ్ళతో తేల్చుకుంటానని లేచాను. పెద్దమ్మ కసురుకుంది. “నువ్వు గమ్మునుండుమే. నువ్వు నోరు చేసుకుంటే పొగరంటారు. నేను చేస్తే మతిలేదంటారు. రేపు అల్లుడికి జలుబు చేసినా నాదే పాపమంటారు. తెలిసే చేస్తాండాను. నీళ్ళు పోసి, జడేసి, జరమొస్తే మేలుకోని సాకిన చెయ్యి తాళికి పనికిరాదా? సూస్తా.”

పెళ్ళి రోజు పాస్టరమ్మ పళ్ళెం పట్టుకుని ముందు వరుసలన్నీ తిరిగింది. నాలుగో వరుస దగ్గర వెనక్కి తిరగబోయింది. పెద్దమ్మ లేచి నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఆ తట్ట ఇట్లియ్యమ్మా.”

“పాపక్కా, అందరూ సూస్తాండారు.”

“సూడనీ. లాక్కున్నప్పుడూ అందరూ సూసినారు.”

పళ్ళెం తీసుకుంది. మా అత్తగారి ముఖం మాడిపోయింది. దిలీప్ మాత్రం నా పక్కన కదలకుండా నిలబడ్డాడు, అంతకుముందే అతనికి అంతా చెప్పి ఉంచాను. పెద్దమ్మ తిన్నగా వెనక బెంచీ దగ్గరికి వెళ్ళి కౌసల్య పిన్నమ్మ ముందు పళ్ళెం చాపింది.

“ముందు నువ్వు ముట్టు. తర్వాతే నేను.”

పిన్నమ్మ చెయ్యి ఆనించింది. తర్వాత పెద్దమ్మ. ఆ తర్వాత బెంచీ పొడవునా ఒక్కొక్కరి దగ్గరికీ పళ్ళెం వెళ్ళింది. కొందరు వద్దని తల ఊపారు. పెద్దమ్మ కదలలేదు, వాళ్ళు ముట్టేదాకా అక్కడే నిలబడింది.

బెంచీ చివర కూర్చున్నది పాస్టరమ్మ కన్నతల్లి. అప్పటికే భర్త పోయాడని, సొంత కూతురి పెళ్ళిలో తాళిని కూడా ముట్టనివ్వలేదట ఆమెను. పాస్టరమ్మ ఖాళీ చేతులతో నడవలోనే నిలబడి చూస్తోంది. ఆ ముసలామె కూతురి వైపు చూడలేదు, ఎవరినీ అడగలేదు. రెండు చేతులూ తాళి మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పెద్ద గొంతుతో ప్రార్థన మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు. పాస్టరుగారితో సహా అందరం అది అయ్యేదాకా నిలబడే ఉన్నాం.