బ్రాకెట్ అవతలి బాణం

ఏడు వేలకు తెగిన బేరాన్ని కాలదన్ని వచ్చిన ఘనత మా బజారులో నాకొక్కదానికే ఉంది. మా స్టీలు సామాన్ల దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ అమ్మజూపినాయన పన్నెండు వేలు చెప్పాడు. నేను ఏడన్నాను. వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఐదుకే వచ్చేదన్నమాట! ఒళ్లు మండి, నేనే రాసుకుంటానని లేచొచ్చాను.

"తెగిన బేరం ఇడిసిపెట్టొచ్చినవా? నీకు దిమాక్ ఉన్నదా పిల్లా?" అంది వదిన.

"ఫికర్ చెయ్యకు వదినా, ఇంటర్నెట్ల అంత ఫుకట్‌గనే ఉంటది."

నిజంగానే ఉంది. ప్రోగ్రామింగ్ భాషను వివరించే డాక్యుమెంటేషన్‌లో ప్రతి మెథడ్‌కూ, అంటే పేరుపెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే ఆజ్ఞకు, ఒక వరుస: ముందు పేరు, తర్వాత బ్రాకెట్లలో మనం ఇవ్వాల్సినవి. దేని పక్కనైనా సమానం గుర్తుంటే అది ఇవ్వకపోయినా నడుస్తుంది, ఆ భాష రాసినవాళ్లే ఏదో ఒకటి వేసుకుంటారు. ఎంత మర్యాదస్తులు! ఇక ఏది ఎగ్గొట్టవచ్చో వెతకడమే నా చదువైపోయింది. అలా దొరికింది సార్ట్. బ్రాకెట్లో ఉన్నవాటన్నిటికీ సమానం గుర్తే! ఖాళీ చేతులతో వెళ్తే లిస్టును వరుసలో పెట్టేస్తుంది. కుర్చీలో రెండు చుట్లు గిర్రున తిరిగాను.

ఆ మధ్యాహ్నమే కేసముద్రం నుంచి పెళ్లివాళ్లు వస్తున్నారు. రేట్ల వరుసలో లిస్టు చూపిస్తేనే సామాను తీసుకుంటామన్నారు. ఆ లిస్టు వదిన మూడు రోజులు కూర్చుని కంప్యూటర్లో కొట్టింది. నేను సార్ట్‌ను పిలిచి, అది ఇచ్చినదాన్ని పాత లిస్టు పేరు మీదే పెట్టి, సేవ్ చేశాను. తెరిచి చూస్తే ఒక్క గిన్నె లేదు.

మళ్లీ ఆ వరుస చదివాను. బ్రాకెట్ అవతల చిన్న బాణం, దాని పక్కన 'నన్', అంటే ఏమీ లేదని. మనకు తిరిగొచ్చేదేమిటో చెప్పేది ఆ బాణమే. సార్ట్ లిస్టును ఉన్నచోటే సర్దుతుంది, చేతికి ఏమీ ఇవ్వదు. ఆ ఏమీ లేనిదాన్నే తెచ్చి లిస్టు మీద పరిచాను. దుకాణంలో పెరిగినదాన్ని, ఇచ్చేదేమిటో చూసుకున్నాను గానీ వచ్చేదేమిటో చూడలేదు!

"బిందెలన్ని ఏడవోయినయే?" అంది వదిన.

"నేనే అమ్మేసిన. ఉత్తగనే."

ఇద్దరం కౌంటర్ పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తర్వాత ఆమె అరల ముందు నిలబడి రేట్లు చదువుతుంటే నేను కొట్టాను. పెళ్లివాళ్లు వచ్చేసరికి సగమే అయింది.

"గింతేనా?" అన్నాడు పెళ్లికొడుకు మామ.

"కూసోండ్రి బాపూ, మిగతాది నోటితోని చెప్త," అంది వదిన.

వాళ్లు కూర్చోలేదు. లిస్టులో ఉన్నంతవరకు తీసుకుని, మిగతా సామానుకు ఎదురు దుకాణానికి వెళ్లారు.

లెక్క ఇదీ. ప్రోగ్రామ్ కొననందుకు మిగిలింది ఏడు వేలు. ఎదుటివాళ్లకు పోయిన లాభం నాలుగు వేలు. వదినకు కొనిచ్చిన చీర, బేరమాడాక, మూడు వేల ఎనిమిది వందలు. నికర నష్టం ఎనిమిది వందలు. వదిన మూడు రోజుల కష్టానికి ఇందులో ఏమీ వెయ్యలేదు.