ఆంటీ మెచ్చిన పీత

నార్త్ కరోలినాలో ఇండస్ట్రియల్ డిజైన్ మాస్టర్స్ చేస్తున్న ఆ రోజుల్లో, లోకంలోని వస్తువులన్నీ తప్పుగా తయారై నా కోసమే ఎదురుచూస్తున్నాయని నాకు గట్టి నమ్మకం. ఆ లోకోద్ధరణలో తొలి మెట్టు, బిగుసుకుపోయిన సీసా మూతలు తీసే నా పరికరం. (అచ్చం పీతలా ఉండేది. నేను మాత్రం ‘ఆర్గానిక్ ఫామ్’, అంటే ప్రకృతి సహజమైన ఆకారం, అనేవాణ్ణి.) డిగ్రీ చేతికొచ్చేలోగా మాకు ఆఫీసు పని ఎలా ఉంటుందో తెలియాలని మా ప్రొఫెసర్ ఒక క్లాసు పెట్టారు. చేసిన వస్తువుని ఎవరిచేతైనా వాడించి, ఆ వీడియోతో ఓ కంపెనీ డిజైనర్ ముందు మాట్లాడాలి. ఆవిడకి నచ్చిన ఒక్కరికే వేసవి ఇంటర్న్‌షిప్, మిగతావాళ్లకి చప్పట్లు.

నేను మోరిస్‌విల్‌లో నాన్న స్నేహితుడి ఇంటికి వెళ్లి, అక్కడి ఆంటీకి ఓ ఆవకాయ సీసా, నా పీత ఇచ్చి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను.

“ఎలా ఉంది ఆంటీ? మొహమాటపడకుండా చెప్పండి.”

“సూపర్ ఉంది నాన్నా! నువ్వే చేశావా? మావాడూ ఉన్నాడు, వాటర్ బాటిల్‌కి మూత పెట్టడం కూడా రాదు.”

“మామ్, ఐ కెన్ హియర్ యూ,” అన్నాడు సోఫాలోంచి వాళ్లబ్బాయి.

ఇంత మెప్పు దొరికాక వీడియో మళ్లీ చూసుకోవడం దండగనిపించింది. ప్రెజెంటేషన్ రోజున రూమ్మేట్ కోటు వేసుకుని, “వాడినవాళ్లకి వంద శాతం నచ్చింది,” అని ప్రకటించాను. (ఎంతమంది వాడారని ఎవరూ అడగలేదు, వాడింది ఒక్కరే.) కంపెనీ డిజైనర్ నవ్వి, వీడియో మొదట్నుంచీ వేయమన్నారు.

తెరమీద ఆంటీ నోరు నన్ను పొగుడుతూనే ఉంది. చేతులు మాత్రం పీతతో కాసేపు కుస్తీ పట్టి, దాన్ని టీవీ రిమోట్ల పక్కన మెల్లగా పడుకోబెట్టి, చున్నీ అంచుతో మూతని ఒక్క తిప్పు తిప్పాయి. “చాలా యూజ్ అవుతుంది నాన్నా!” అన్నారు ఆంటీ, తెరిచిన సీసా పట్టుకుని. క్లాసంతా ఒకటే నవ్వు. రికార్డ్ చేసేటప్పుడు నా కళ్లు ఆంటీ మొహంమీదే ఉన్నాయి మరి, పొగడ్తలొచ్చేది అక్కణ్ణించేగా!

“ఈసారి నోటిని కాదు, చేతుల్ని అడుగు,” అన్నారు కంపెనీ డిజైనర్. ఇంటర్న్‌షిప్ మాత్రం, తను చేసిన స్టూలు ఎక్కడెక్కడ విరిగిందో సంబరంగా చూపించిన క్లాస్‌మేట్‌కి వెళ్లింది. నా వీడియోని ఇప్పటికీ కొత్త బ్యాచ్‌లకి పాఠంగా వేస్తారట. (పేరు వేయరు, దయామయులు.) పీతని ఆంటీకే ఇచ్చేశాను.

ఇప్పుడు నేను పక్క ఊరు క్యారీలో ఓ డిజైన్ కంపెనీలో, వస్తువులు వాడే జనం చేతులు చూసి జీతం తీసుకుంటున్నాను. మొన్న ఆంటీ ఇంటికి వెళ్తే ఉప్మా పెట్టి, “ఎలా ఉంది నాన్నా?” అన్నారు.

“సూపర్ ఆంటీ,” అన్నాను.

ఆవిడ నా మొహం చూడనేలేదు. బల్లమీద దేనికోసమో తడుముతున్న నా చేతిని చూసి, ఆవకాయ సీసా ఇటు జరిపారు. మూత బిగుసుకుపోయి ఉంది. నా పీత ఇంకా రిమోట్ల పక్కనే, మెరుస్తూ ఉంది. పాపం, దాన్ని చేసిన కుర్రాడికి ఎన్ని ఆశలో అనుకుంటూ, చొక్కా అంచుతో మూత తీసుకున్నాను.