పత్తి గోడౌనులో పసుపు విమానం

మా ఆయన గోవిందయ్య ప్రభలు కట్టేవాడు. ఏడాదంతా పెళ్లి పందిళ్లే వేసినా, ఏం పని చేస్తావని ఎవరడిగినా ప్రభలనే చెప్పేవాడు. శివరాత్రికి నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోటప్పకొండకు తోలుకుపోయే ప్రభల్ని చూసినవాళ్లకు తెలుస్తుంది. బండిమీద అంతెత్తు వెదురు చట్రం నిలబెట్టి, రంగు కాగితాలు అంటించి, ఎద్దులతో మైళ్లకు మైళ్లు లాగించడమంటే మాటలు కాదు. మా ఊరి ప్రభ పన్నెండేళ్లు ఆయనే కట్టాడు. ఆ బండి తోలింది మా అన్న పెదకోటయ్య.

ఎనభై ఐదో సంవత్సరం శివరాత్రికి ఆ ప్రభ పడిపోయింది. కొండ ఇంకా రెండు మైళ్లుందనగా మలుపులో ఒరిగి, తాళ్లు పట్టుకున్నవాళ్లు ఆపలేక, పక్క చేలో కూలింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మా ఆయన అక్కడికక్కడే, పదిమందిలో, "బావ ఎద్దుల్ని ఒక్కసారిగా తిప్పాడు" అనేశాడు. ఊరు ఆ మాటే పట్టుకుంది.  మా అన్న నెల తిరక్కుండా ఎద్దుల్ని అమ్మేసి, మా గుమ్మం తొక్కడం మానేశాడు. రెండు వీధుల అవతలే పుట్టిల్లున్నా ఏడాదిపైన నేను ఆ గడప ఎక్కలేదు. అన్న కూతురు పెద్దమనిషైతే మేనత్తనైన నాకు కబురు రాలేదు. ఆ రోజు నేను పొయ్యి వెలిగించలేదు. మా ఆయన ఎందుకని అడగనూ లేదు.

మరుసటి శివరాత్రికి ప్రభ మళ్లీ ఆయనే కట్టాడు, వేరేవాళ్ల ఎద్దులతో. ఎందుకో ఆసారి కాస్త పొట్టిగా కట్టాడు.

ఆ వేసవిలోనే యోబు మా ఇంటికొచ్చాడు. పేటలో బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు అతనిది. ఇద్దరు పిల్లల తండ్రి, మాటకారి. పత్తిచేల మీద మందు కొట్టడానికి అప్పట్లో పసుపురంగు విమానం వచ్చేది. అది నెత్తిమీదుగా పోతుంటే మేమంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ చూసేవాళ్లం. అచ్చం అలాంటిది, అందులో పన్నెండో వంతుది, చేసి ఎగరేయాలని యోబుకు పిచ్చి పట్టింది.

"మద్రాసు నుంచి రిమోట్ కారుబొమ్మ తెప్పించి దాని లోపలి మిషను ఊడదీశా బాబాయ్. తోక తిప్పడానికి అది చాలు. ముందు ఫ్యాను తిరగటానికేమో రబ్బరు మెలిపెడితే సరి. చట్రమే కుదరట్లా. వెదురు నీ అంత పల్చగా చీరేవాళ్లు ఈ తాలూకాలోనే లేరు" అన్నాడు.

పొగడ్తకు పడనివాడెవడు! ఆ పూటే మా ఆయన వెదురు ముందేసుకున్నాడు. ఇక నా ఇల్లు ఇల్లు కాదు. వంటింట్లో మైదా ఉండనిచ్చేవాడు కాదు, జిగురుకు కావాలి. రబ్బరు తెగకుండా పూయడానికని నా తలకు పెట్టుకునే ఆముదం సీసా పట్టుకుపోయాడు. ఈనెపుల్లలంత సన్నగా వెదురు చీరి, దీపం సెగన వంచి, గాలిపటం కాగితం అంటిస్తుంటే మాత్రం తిట్టబోయి నేనూ అక్కడే కూలబడేదాన్ని. ఆ పది వేళ్లను చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆముదం వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ వసారానే కళ్లముందుకొస్తుంది.

అంత తేలికపాటి వస్తువు బయట గాలికి ఆగదు. నేను పనిచేసే పత్తిమిల్లులో, వేసవి కాబట్టి, గోడౌను ఖాళీగా ఉంది. గుమాస్తా జానకిరామయ్యగారిని బతిమాలాను. "ఆదివారం మధ్యాహ్నం కానీయండమ్మా, బీడీలు మాత్రం వద్దు" అని ఆయనే వచ్చి తలుపు తీశారు, పైగా చూడ్డానికి నిలబడ్డారు.

గజం పొడుగు రెక్కలు, పసుపురంగు, లోపల గుండీలంత సెల్లులు. ముచ్చటగా ఉంది. తోక బోసిగా ఉందని మా ఆయన దాని చివర ఎర్రకాగితం కుచ్చులు కట్టాడు, ఒక్కో ముడికి మూడు చుట్లు బిగించి. ప్రభకు కొసన కుచ్చు లేకపోతే ఆయనకు నిద్రపట్టదు మరి.

రబ్బరు మెలిపెట్టి వదిలారు. విమానం ముక్కు పైకెత్తింది, క్షణం ఆగింది, వెనక్కి జారి తోకమీద పడింది. మళ్లీ వదిలారు. మళ్లీ అంతే. మూడోసారి రెక్క కాగితం చిరిగింది. మా ఆయన మొహం ఎర్రబడింది.

"తిప్పటం చేతగాదేందిరా నీకు? ఆ బటను సరిగ్గా నొక్కితేగా!" అని యోబు మీద విరుచుకుపడ్డాడు.

"నేనింకా నొక్కనేలేదు బాబాయ్" అన్నాడు యోబు.

నాకెక్కడలేని కోపం వచ్చింది. ఏడాదిగా మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఆనాడు మా అన్ననన్నావు, ఇయ్యాల ఈ పిల్లోణ్ణి అంటన్నావు. కట్టినోడిది తప్ప లోకంలో అందరిదీ తప్పేనా?"

గుమాస్తాగారు తలదించుకున్నారు.  మా ఆయన విమానం తీసుకుని రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి నిలబెట్టాడు. తోక సర్రున కిందికి దిగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దిగింది.  తర్వాత జేబులోంచి బ్లేడు తీసి కుచ్చులన్నీ కోసేశాడు. తోక దగ్గరి ముళ్లు ఒక్కొక్కటే విప్పి, ఒక్క చుట్టు ఉంచి మిగతా దారం తీసేశాడు. రెక్క చిరుగుకు కాగితం అతికించాడు. మళ్లీ వేళ్లమీద పెడితే ఈసారి నిలిచింది.

వదిలాడు. అబ్బ, ఏం చెప్పను! చప్పుడే లేదు. పై కిటికీల్లోంచి పడుతున్న ఎండలోకి వెళ్లింది, పత్తి నూగు మధ్యన పసుపుగా మెరిసింది. గోడ దగ్గరికి పోతోందని నేను కేకపెట్టేలోపు యోబు బటను నొక్కాడు, అది బుద్ధిగా పక్కకు తిరిగింది. రెండు చుట్లు తిరిగి, మెల్లగా సిమెంటు నేలమీద దిగింది. గుమాస్తాగారు చప్పట్లు కొట్టారు. యోబు గంతులేశాడు. నేనూ చిన్నపిల్లలా అరిచాను.

మా ఆయన గోనెసంచుల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"కొండా" అని నన్ను పేరుపెట్టి పిలిచాడు. "ప్రభ బావ వల్ల పళ్లా. అవతలూరి ప్రభకన్నా ఎత్తుండాలని ఆఖర్రోజు పైన ఇంకో నాలుగు మూరల చట్రం ఎక్కించా. తలబరువైంది. నాకప్పుడే అనుమానం. నోరు రాలా" అన్నాడు.

విమానం వైపు కూడా చూడకుండా లేచి నేరుగా మా అన్న ఇంటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. గుమ్మంలో నిలబడి అదే మాట చెప్పాడు. మా అన్న మంచం మీంచి లేవలేదు.

"నన్ననేటప్పుడు పదిమందిలో అన్నావుగదా గోవిందూ. ఇది మాత్రం నా గుమ్మంలో చెపితే చాలుద్దా?"

నిజమే కదా. మా ఆయన అక్కణ్ణుంచి రామాలయం దగ్గరికెళ్లాడు. సాయంత్రం పెద్దలంతా కూర్చునే చోటది. అందరి ముందూ చెప్పాడు, ఏదీ దాచకుండా. చెపితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఆ రాత్రి మా అన్న మా ఇంట్లో అన్నం తిన్నాడు. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, అంతే. నాకది చాలు.

ఊరు ఆయనకు ఇక ప్రభ ఇవ్వలేదు. ఇరవైరెండేళ్లు బతికాడు ఆ తర్వాత, ఒక్కటి కూడా కట్టలేదు. ప్రతి శివరాత్రికీ ఎవరో కట్టిన ప్రభ మా వీధిలోంచి పోతుంటే లోపలే ఉండేవాడు. ఆ రోజు గోడౌనులో నేను నోరు మూసుకుని ఉంటే ఆయన చివరిదాకా ప్రభలు కట్టేవాడు, మా అన్న మాత్రం నాకు లేకుండాపోయేవాడు. ఈ రెండిట్లో నీకేది కావాలని ఎవరైనా అడిగితే, మా అన్నే కావాలని తడుముకోకుండా చెపుతాను. చెప్పాక లోపలికెళ్లి ఏడుస్తాను.