ఉయ్యాల పైన తెల్లగుడ్డ

నందిగామలోని మా ఇంట్లో పాత కప్పుకు ఉన్న గరుకు పూత కనబడకుండా కింద జిప్సం పలకలు బిగిస్తున్నారు. ఇల్లంతా ఆ తెల్లపొడి వాసనే. చూసినవాళ్ళు బాగుందంటున్నారు. నాకు మాత్రం కప్పును మూసెయ్యడమంటే చిన్నప్పటినుంచీ భయం.

జగ్గయ్యపేటలో మాది మట్టి మిద్దె. తుమ్మ దూలాలు, వాటి మీద అడ్డంగా పేర్చిన కర్రలు, ఆపైన మట్టి. వేసవిలో ఆవకాయ జాడీలకు వాసెన కట్టినా, క్రిస్మస్‌కి అరిసెలు వత్తుతూ పళ్ళేనికి మూత పెట్టినా, ఎక్కడినుంచో ఓ బెడ్డ రాలి పంటికింద కరకరలాడేది. బడికి పంపకుండా నాకు ఇంట్లోనే బైబిలుతో చదువు నేర్పిన నాయనమ్మ, పొద్దున్నే ప్రార్థన కాగానే, ఆ రాలినదాన్ని చీపురుతో దగ్గరికి చేసి వేళ్ళ మధ్య నలిపి చూసేది. మట్టయితే ఊరుకునేది. పురుగు తొలిచిన కలప పొడి అయితే, ఏ దూలం కింద పడిందో చూసి నాన్నను పిలిచేది.

ఒకసారి ప్రార్థన కూడికకు వచ్చిన పాస్టరుగారి పాయసంలో మట్టిబెడ్డ పడింది. నాన్న సిగ్గుతో చితికిపోయి, ఆ వారంలోనే దూలాల కింద ఈ గోడనుంచి ఆ గోడకు తెల్ల మల్లుగుడ్డ బిగించి మేకులు కొట్టించాడు. తమ్ముడి ఉయ్యాల తాళ్ళకు మాత్రం రెండు చిల్లులు వదిలారు. నాయనమ్మకు ఊడవడానికి ఏమీ మిగల్లేదు.

"ఇల్లు నోరు మూసుకుందే," అంది.

"మట్టి పడితే గోల, పడకపోతే గోలా అత్తయ్యా?" అని అమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వానలకు ముందు, ఏటా చేసినట్టే, నీళ్ళు దిగకుండా మిద్దె మీద కొత్త చవుడు మట్టి పోయించారు. ఆ బరువంతా కంటికి కనబడని దూలాల మీదే. ముసురు పట్టిన మధ్యాహ్నాల్లో వెల్లకిలా పడుకుని చూసేదాన్ని. ఉయ్యాల ఊగినప్పుడల్లా పైన కిర్రుమనేది, తాళ్ళ దగ్గర గుడ్డ రోజురోజుకీ కిందికి దిగుతున్నట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక నాయనమ్మకు చూపించాను. ఆమె వెంటనే నిద్రపోతున్న తమ్ముణ్ణి ఎత్తుకుని వసారాలోకి వచ్చేసింది.

"ఇప్పుడే కదండీ పడుకోబెట్టా! గుడ్డ సాగిందని పిల్లోణ్ణి లేపుతారా?" అమ్మ విసుక్కుంది.

"ముందు ఆ మేకులు పీకరా," అంది నాయనమ్మ నాన్నతో.

నాన్న నిచ్చెన వేసుకుని ఓ మూల పీకాడు. గుడ్డ జారి, అన్నాళ్ళుగా చేరిన కలప పొడి పిండిలా ఖాళీ ఉయ్యాలలోకి కురిసింది. దూలాన్ని నొక్కి చూస్తే నాన్న వేలు లోపలికి దిగిపోయింది. అమ్మ తమ్ముణ్ణి లాక్కుని గుండెకు అదుముకుంది. మళ్ళీ వాణ్ణి ఉయ్యాల ఎక్కించలేదు.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, రాలిన పొడిని నలిపి ఇంటి సంగతి చెప్పే మనిషీ లేదు.

"ఇక దుమ్ము కూడా పడదండీ మామ్మగారూ," అని మేస్త్రి ధైర్యం చెబుతున్నాడు. నా భయం అదేనని అతనికెలా చెప్పను? ఆనాడు ప్రభువు మమ్మల్ని దేన్నుంచి తప్పించాడో కళ్ళారా చూశాం గనక స్తోత్రం చెప్పుకున్నాం. పలకల వెనక, ఆయన నాకు చూపించకుండానే తప్పిస్తున్న ఆపదలకు కూడా ఇప్పుడు, తల పైకెత్తే ధైర్యం లేక, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంటున్నాను.