అరచేతికి తగలని ఊపిరి

ఫిల్మ్ నగర్‌లో ఎందరో కథానాయికలకు గొంతునిచ్చిన వేదవతి గారు మొన్న గురువారం ఉదయం దివంగతులయ్యారు. వారి భర్త ప్రసాదరావు గారు ఫోన్ చేసి "మీ మేడమ్ వెళ్ళిపోయిందయ్యా" అన్నప్పుడు నేను మాదాపూర్‌లో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. అటునుంచి అటే వాళ్ళింటికి బయలుదేరాను. తెర మీద ఆమె పేరు చిన్న అక్షరాల్లో పడి, చదివేలోపే మాయమయ్యేది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇండోనేషియా భాష పలకడం. రెండేళ్ళ కిందట మా కంపెనీకి జకార్తాలోని ఒక బ్యాంకు ప్రాజెక్టు వచ్చింది. ఫోన్‌లో పరీక్ష పెట్టి, వాళ్ళ భాషలో కాస్తయినా మాట్లాడగలిగినవాణ్ణే అక్కడికి పంపుతామన్నారు. టోలిచౌకిలో పుట్టి, హైదరాబాదు దాటి ఎరగని నేను ఆ అవకాశం మీద ప్రాణం పెట్టుకున్నాను. ప్రసాదరావు గారి బట్టల మిల్లు ఉద్యోగం వల్ల వేదవతి గారు చాలా ఏళ్ళు ఆ దేశంలో కాపురం చేశారని విని, వెతుక్కుంటూ వెళ్ళాను.

మొదటి రోజు "సెలామత్ పాగి" అన్నాను, శుభోదయమని. ఆమె నా చేయి పట్టుకుని, అరచేతిని నా నోటి ముందే ఉంచారు.

"ఏంటి నాన్నా, 'పా' అనమంటే దీపం ఆర్పుతున్నావు?"

"ఆఫీసుల గిట్లనే నేర్పిండ్రు మేడమ్. అమెరికావాళ్ళతోని మాట్లాడాలంటే జర ఊదాలన్నరు."

"ఆ ఊదడం ఆఫీసులోనే వదిలేసి రా. మీ అమ్మ 'పాలు' అంటుంది చూడు, అలా అను. చేతికి ఊపిరి తగలకూడదు."

తగలని రోజున "అదీ" అనేవారు. అంతకు మించిన మెప్పు ఆమె నోట నేను వినలేదు.

డబ్బింగ్ పద్ధతినే పాఠానికీ తెచ్చారు. ఇండోనేషియా నుంచి తెచ్చుకున్న టేపులో ఒకావిడ పలికిన ఒక్క వాక్యం వినిపించి ఆపేసేవారు. "మాట తర్వాత. ముందు ఆవిడ ఊపిరి ఎక్కడ పీల్చిందో పట్టుకో" అనేవారు. ఇంగ్లిష్ 'సి' కనబడితే 'చ' అనాలి. 'అయ్యా' అని పిలవడానికి 'బాపక్' అన్నప్పుడు చివరి కకారాన్ని గొంతులోనే నొక్కేయాలి. అది నాకు ఎంతకీ పట్టుబడక, ఆమే మళ్ళీ మళ్ళీ పలికి చూపేవారు. మధ్యలో దగ్గు వచ్చేది. గోరువెచ్చని నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేవారు. నా గొడవలో నేనుండి ఆ దగ్గును పట్టించుకోలేదు.

ఫోన్ పరీక్ష నెగ్గి జకార్తా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె గొంతుకి ఆపరేషన్ అయి, మాట పోయింది. నేను పలికింది విని, పెదాలు మాత్రం కదిపి "అదీ" అన్నారు.

గురువారం వాళ్ళింటి గుమ్మంలో ప్రసాదరావు గారు అసలు సంగతి చెప్పారు. "నువ్వు పాఠానికి వచ్చే రోజుల్లోనే గొంతుకి పూర్తిగా విశ్రాంతి ఇవ్వమన్నాడయ్యా డాక్టరు. సినిమాలన్నీ వదిలేసింది, నీ పాఠం మాత్రం మానలేదు. 'సినిమాకి ఇంకో గొంతు దొరుకుతుంది, ఆ అబ్బాయికి ఎవరున్నారు?' అనేది."

నన్ను ఆయన ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

హాల్లో పూలదండల మధ్య ఆమె పడుకుని ఉన్నారు. చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా, ఆమె పెదాల ముందు నా అరచేతిని పెట్టాను. ఊపిరి తగలలేదు. అదే చేతిని నా నోటి ముందు పెట్టుకుని "సెలామత్ పాగి, మేడమ్" అన్నాను. అప్పుడూ తగలలేదు.

జకార్తాలో నా పలుకును మెచ్చిన ప్రతి మాటా ఆమెకు చెందవలసింది. ఆ స్వరదాత పాదాలకు నా సాష్టాంగ ప్రణామం. ఇక ఎంత సరిగ్గా పలికినా, "అదీ" అనేవారు నాకు లేరు.