ఎడమకాలి రెండు గాట్లు

నకియా కత్తెర అందుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. భర్త గబ్బాస్ పెరటి చివర కంచె బాగుచేస్తున్నాడు. పొయ్యి పక్కన అట్టపెట్టెలో మూడురోజుల పెద్దబాతు పిల్ల ఒంటరిగా కీచుమంటోంది.

కమిష్లీలో ఏ ఇంటి బాతులకు ఆ ఇంటి గాటు ఉంటుంది. పగలంతా ఊరి బాతులన్నీ ఏశిల్ నదిలో కలిసి ఈదుతాయి. ఏది ఎవరిదో తేలాలంటే కాలివేళ్ళ మధ్య పొర చూడాల్సిందే. పుట్టిన మూడోనాడు ఆ పల్చటి పొరను కత్తెరమొనతో చిన్నగా కోస్తారు. బాతుతోపాటే గాటూ పెరుగుతుంది, చచ్చేదాకా చెరగదు. గబ్బాస్ వాళ్ళది కుడికాలు, లోపలి పొర, ఒక గాటు. కోడలిగా వచ్చిన ఏటినుంచి నలభయ్యొక్క వసంతాలు నకియా పెట్టింది ఆ గాటే.

ఆవేళ మాత్రం పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి ఎడమకాలు పట్టుకుంది.

ఎడమకాలు, బయటి పొర, రెండు గాట్లు. అది అక్‌చిష్మాలో ఆమె పుట్టింటి గుర్తు. పెళ్ళయి వస్తుంటే అమ్మ ఒక జంట బాతులను గంపలో పెట్టి బండెక్కించింది. వాటికి ఆ గాట్లు ఉండేవి. వాటి పిల్లలకు మాత్రం ఈ ఇంటి గాటే పడింది. పడాల్సిందీ అదే కనుక నకియా ఎన్నడూ బాధపడలేదు. కానీ ఏటా మంచు పడగానే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి బాతులను కోసి ఈకలు పీకే రోజున, ఆ సంతతిలోని పెట్టనొకదాన్ని చాటుగా తప్పించేది. తల్లి పోతే కూతురు, కూతురు పోతే మనవరాలు. ఆ తీగ అలా సాగుతూనే వచ్చింది. ఈ ఏడు మిగిలిన ఒక్క ముసలి పెట్ట తొమ్మిది గుడ్లు పొదిగితే ఎనిమిది చల్లబడిపోయాయి. తొమ్మిదోది పిల్లయింది. దాని నూగు ఆరకముందే ముసలిది గూటిలోనే తల వాల్చేసింది. నకియాను అక్కలా అపా అని పిలిచే పక్కింటి సర్బినాజ్ వచ్చి పిల్ల తోక కింద వేలితో నొక్కి చూసి, "పెట్టేలే అపా, ఏడవకు" అని చెప్పి పోయింది.

అక్‌చిష్మా ఇప్పుడు లేదు. ముందు బడి మూసేశారు, తరవాత అంగడి, ఆ తరవాత బస్సు ఆ దారిన రావడం మానేసింది. జనం ఒకరి వెనక ఒకరు పట్నాలకు పోయారు. ఆరేళ్ళ కిందట నకియా ఒకసారి వెళ్ళి చూసింది. నడుము లోతు మాచిపత్రి. ఇళ్ళున్న చోట్ల పొగగొట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి. తమ పొగగొట్టం ఏదో గుర్తుపట్టలేక రెండింటి మధ్య చాలాసేపు నిలబడింది.

ఆ ఊరి గుర్తు భూమ్మీద ఒక్క ప్రాణి ఒంటిమీదైనా ఉండాలనిపించింది. అంతకు మించి ఆమె ఆలోచించలేదు. బిస్మిల్లా అనుకుని మొదటి గాటు పెట్టింది, అది సరిగ్గానే పడింది. రెండోదానికి కళ్ళు చెమ్మగిల్లాయో చెయ్యి వణికిందో, కత్తెర లోపలికి, వేలి మొదలుదాకా దిగిపోయింది. పిల్ల గొంతు ఒక్కసారిగా మారింది. ఒళ్ళో బఠాణీగింజంత నెత్తుటి మరక.

గాయం మానేదాకా ఆ కాలును పిల్ల నేలకు ఆనించలేదు. బరువంతా కుడికాలి మీద వేసింది. పెట్టె అడుగున పరిచినది నున్నటి రెక్సిన్ గుడ్డ కావడంతో కుడికాలూ పక్కకు జారింది. నాలుగు రోజుల్లో గాయం మానింది గాని అప్పటికే కాళ్ళు రెండూ చెరోవైపుకు చాపుకుపోయాయి. లేవబోతే గుండ్రంగా తిరిగి వెల్లకిలా పడేది. పడితే తనంతట తాను లేవలేదు. అలా పడి ఉన్న బాతుపిల్ల గంటలో చచ్చిపోతుందని నకియాకు బాగా తెలుసు.

గబ్బాస్ వంగి చూసి మీసం సవరించుకున్నాడు.

"దీన్ని పిల్లికి పెట్టు."

"నువ్వే పోయి తిను పిల్లిలాగా."

"నేను తినడానికి దీంట్లో ఏముందే? గుప్పెడు నూగు." అతను పెట్టె పక్కన గొంతుకూర్చున్నాడు. "చూడు ముసలీ, కుంటి కుక్క బతుకుతుంది, కుంటి గుర్రాన్నయినా అమ్ముకుంటాం. నడవలేని బాతుకు బతుకేముంది? గుంపు దాన్ని పొడిచి చంపుతుంది. మంద ఏటికి దిగే రోజుదాకా ఉంచుకో. ఆ రోజు తన కాళ్ళతో ఏటిదాకా నడిస్తే సరి. నడవకపోతే నేనే చూసుకుంటా, దానికి నొప్పి తెలియకుండా. మాట?"

"మాట" అంది నకియా. గాటు సంగతి చెప్పలేదు. మెడ తిప్పి పనున్నట్టు పొయ్యి వైపు చూసింది.

ఏటికి దిగే రోజంటే దురదగొండి మోకాలెత్తు పెరిగిన రోజు. ఊళ్ళో పిల్లలున్న మందలన్నీ ఒకే పొద్దున నదికి కదులుతాయి. ఇంకా అయిదు వారాలుంది.

రెక్సిన్ తీసి పారేసి పాత ఉన్ని కంబడి పరిచింది. మెత్తటి గుడ్డపేలికతో రెండు కాళ్ళనూ రెండువేళ్ళ ఎడంలో కలిపి కట్టింది, మరీ బిగించకుండా, మరీ వదులు కాకుండా. పొద్దున విప్పి తొడలు రుద్ది మళ్ళీ కట్టేది. గబ్బాస్ ఉన్నిమేజోడుకు రెండు రంధ్రాలు చేసి, అందులో పిల్లను కూర్చోబెట్టి, కాళ్ళు రంధ్రాల్లోంచి కిందికి తీసి, పాదాలు నేలకు తగిలీ తగలకుండా కుర్చీకి వేలాడదీసింది. ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన దురదగొండి, పెరుగులో కలిపిన ఈస్ట్. మధ్యాహ్నం గంగాళంలో గోరువెచ్చటి నీళ్ళు. నీళ్ళలో కాళ్ళు కాస్త ఆడేవి. కానీ ఒక కాలే తొయ్యడంతో పిల్ల గుండ్రంగా తిరిగి తిరిగి గంగాళం అంచుకు ముక్కు కొట్టుకునేది. పాలు పితకడానికి పోతే దాన్ని నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ జేబులో వేసుకుని పోయేది.

సర్బినాజ్ గడపలో నిలబడి ఇదంతా చూసింది.

"మా అత్తకు పక్షవాతం వస్తే మా మావ ఇంత చెయ్యలా, అపా."

"మీ అత్త ఇంత కుదురుగా పడుకుందా? ఊరంతటినీ తిట్టిందిగా."

"అదీ నిజమే" అని సర్బినాజ్ కూర్చుని టీ పోసుకుంది. "కానీ ఎందుకింత? మా మందలో పద్నాలుగున్నాయి. ఒక పెట్టనిస్తా, మంచి బలమైంది. దీన్ని వదిలెయ్."

నకియా పిల్ల కాళ్ళ పేలిక సవరించింది. బలమైనది ఎక్కడైనా దొరుకుతుంది. ఈ పిల్ల అమ్మమ్మల అమ్మమ్మకు నకియా అమ్మ తన చేత్తో రొట్టె తుంచి పెట్టింది. ఆ చెయ్యి ఎలా ఉండేదో ఇప్పుడు నకియాకు స్పష్టంగా గుర్తు రావడం లేదు. బొటనవేలి గోరు మాత్రం గుర్తొస్తుంది, అడ్డంగా చీలి ఉండేది. మిగతా చేతి కోసం వెతికి వెతికి, రాక, పిల్ల తొడలు మళ్ళీ రుద్దడం మొదలుపెట్టేది.

మూడోవారం చివర పేలిక విప్పిన ఒక పొద్దున పిల్ల నిలబడింది. పదిసార్లు ఊపిరి తీసినంతసేపు నిలబడి కూలింది. నాలుగోవారం నాలుగడుగులు వేసింది. కుడికి ఒరిగి, రెక్క నేలకు ఆనించి, మళ్ళీ లేచింది. నకియా అది గబ్బాస్‌కు చెప్పలేదు. చెబితే ఆశ గాలి తగిలి ఆరిపోతుందేమోనన్నట్టు ఊరుకుంది.

ఏటికి దిగే రోజు వచ్చింది. వీధి పొడవునా తెల్లగా బూడిదగా మెడలు. ఆడవాళ్ళు చీపురుపుల్లలతో అదిలిస్తున్నారు. గబ్బాస్ మంద ముందు పోయింది. నకియా వెనక కుంటిపిల్ల, దాని వెనక కర్ర పట్టుకుని గబ్బాస్. సర్బినాజ్ మంద పక్కనే వస్తోంది.

వీధి మలుపులో ఒకసారి పడింది. తనంతట తానే లేచింది. కమ్మరి ఇంటి ముందు ఇంకోసారి. నకియా వంగబోతే గబ్బాస్ వెనకనుంచి "మాట" అన్నాడు, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గట్టు పైకి వచ్చేసరికి మిగతా మందలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నది ఇరవై అడుగుల దూరంలో మెరుస్తోంది. పిల్ల మెడ సాచి అటు చూసింది. రెండడుగులు వేసి, కాళ్ళు చెరోవైపుకు పోయి, రొమ్ముమీద కూలబడింది. మళ్ళీ లేవలేదు.

నకియా లోలోపల దాన్ని లేపుతూనే ఉంది. అది లేవలేదు.

గబ్బాస్ కర్ర కింద పెట్టి వచ్చి పిల్లను రెండు చేతులా ఎత్తాడు. కాళ్ళు గాలిలో వేలాడాయి. పక్కనుంచి సర్బినాజ్ మెడ సాచింది.

"గబ్బాస్ అబ్జీ, ఇది మీ బాతు కాదే. మీది కుడికాలు గదా. ఇక్కడ చూడు, ఎడమకాలు, రెండు గాట్లు. కమిష్లీలో ఈ గాటు ఎవరికీ లేదు. ఎవరి పిల్లను పట్టుకొచ్చావు అపా?"

పరాయి గాటున్న బాతు మందలో కనిపిస్తే మూడురోజులు వీధిలో చాటి, సొంతదారుకు అప్పగించాలి. ఆ కట్టుబాటు దాటిన ఇంటికి ఊళ్ళో మర్యాద ఉండదు. సర్బినాజ్ ముఖంలో వేళాకోళం తగ్గి నిజమైన అనుమానం మొదలైంది.

గబ్బాస్ ఆ పాదాన్ని బొటనవేలితో విప్పి చూశాడు. రెండో గాటు వేలి మొదలుదాకా పోయి ముడతపడి మానిన చోట వేలు ఆగింది. పెళ్ళికి ముందు రెండుసార్లు అక్‌చిష్మాలో ఆ ఇంటి గుమ్మం తొక్కిన మనిషి అతను. గంపలో వచ్చిన జంటను దించింది అతనే.

"దీని సొంతదార్లు అక్‌చిష్మావాళ్ళు" అన్నాడు సర్బినాజ్‌తో. "వాళ్ళొచ్చి అడిగితే ఇచ్చేస్తాం."

"అక్‌చిష్మాలో ఎవరున్నారని వస్తారు?"

"వచ్చేదాకా మా దగ్గర ఉంటుంది."

సర్బినాజ్ ఇద్దరి ముఖాలూ చూసింది. ఆపైన తన మంద వైపు దిగిపోయింది.

"ఆ కాలు నేనే పాడుచేశా" అంది నకియా. "చెయ్యి వణికింది."

"కనబడుతూనే ఉంది." అతను ఆమె వైపు చూడలేదు. "నాకు చెబితే నేను కోసేవాణ్ణి గదా. సగం లోతు చాలు."

అతను గట్టు దిగి, నీటి అంచున పిల్లను కాళ్ళమీద నిలబెట్టి, తోక కింద అరచెయ్యి ఆనించాడు. అది ముందుకు తూలి నీళ్ళలో పడింది. ఒకవైపు ఒరిగింది. గంగాళంలో తిరిగినట్టే ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. ఇక్కడ అంచు తగల్లేదు. మూడో చుట్టు సగంలో ఎడమకాలు ఎక్కడో నీటిని పట్టుకుంది. మెడ నిటారుగా లేచింది. ప్రవాహానికి ఎదురుగా, వంకరగానే, కానీ ఒక దిక్కుకు సాగిపోయింది.

"నేల మీద పనికిరాదు" అన్నాడు గబ్బాస్. "కానీ బాతులు జత కట్టేది నీళ్ళలోనేగా. రెండేళ్ళాగు." కర్ర తీసుకుని గడ్డికోతకు బయల్దేరాడు. "సాయంత్రం గట్టెక్కలేదు అది. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు, మోసుకుపోదాం."

నకియా గట్టుమీద కూర్చుంది. ఎండ ఎక్కింది. పిల్ల చాలా దూరం పోయింది, అవతలి ఒడ్డు రెల్లు దాకా. పిలవాలనిపించింది. అక్‌చిష్మాలో బాతులను పిలిచే రాగం వేరు. మాట ఒక్కటే, తేగా-తేగా, అన్ని ఊళ్ళదీ అదే. కానీ అమ్మ మొదటి తేగాను కిందికి దించి రెండోదాన్ని ఎక్కడికో లేపేది. ఎక్కడికి? నకియా పెదవులు కదిపి చూసింది. దించింది, లేపింది. అది కాదు. మళ్ళీ ప్రయత్నించింది. గొంతుకు అలవాటైంది కమిష్లీ రాగమే, ఇన్నేళ్ళ నుంచీ పిలిచింది దానితోనే.

చివరికి ఆ రాగంతోనే పిలిచింది. రెల్లు దగ్గర ఒరిగిన తెల్లటి మచ్చ ఆగి, ఇటు తిరిగి, మెల్లగా ఆమె వైపు రావడం మొదలుపెట్టింది.